ముల్తవీ పడ్డ బరాత్

ఆ కాలంలో కొత్తగా వకీలైన పిల్లవాడికీ, కొత్తగా కొమ్ములు మొలిచిన దూడకీ పెద్ద తేడా ఉండేది కాదు. కనబడ్డ గోడనల్లా కుమ్మి చూడందే ఇద్దరికీ పొద్దు గడిచేది కాదు. నా సంగతే చెబుతాను. లా చదివింది ఉర్దూలో. పాసై బయటికి వచ్చేసరికి కోర్టు కచేరీలు ఇంగ్లీషులోకి మారుతున్నాయి. ఇంట్లో మాట్లాడేదేమో తెలుగు. మూడు భాషల్లోనూ మూడు ముక్కలు వచ్చేసరికి నాకు లోకంలో తెలియనిది లేదన్న భ్రమ పట్టుకుంది. మా చాకలామె మూట కట్టుకుంటుంటే "బట్ట చినిగితే బాధ్యత ఎవరిది, పోతే ఎవరిది, మారితే ఎవరిది" అని మొదలుపెట్టాను. ఆమె ఆ మూటను మెల్లగా నా కాళ్ళ దగ్గర పెట్టి "మీ బట్టలు మీరే ఉతుక్కోండ్రి బాబూ, నాకు గింత సదువు లేదు" అని వెళ్ళిపోయింది. (మా అమ్మ ఆమెను బతిమాలి వెనక్కి పిలిచేదాకా నా బట్టలు నా చేతనే ఉతికించింది. ఆ శిక్ష కూడా నాకు బుద్ధి నేర్పలేదు.)

అలాంటి రోజుల్లోనే నాకు పెళ్ళి కుదిరింది. మా ఇల్లు లాల్‌దర్వాజాలో, పెళ్ళికూతురిది కిషన్‌బాగ్. మామగారు ఒక దఫ్తరులో పెద్ద గుమాస్తా. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన నవ్వగా చూసినవాళ్ళు బంధువుల్లో ఎవరూ లేరని మా చిన్నాయన వాకబు చేసి మరీ చెప్పాడు. నిశ్చయం నాడు ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క మాట. "వకాలత్ ఎట్ల నడుస్తున్నది?"

"మస్తుగ నడుస్తున్నది మామా" అన్నాను. నిజానికి నడుస్తున్నది నేను, మా సీనియరు గారి వెనకాల, ఆయన ఫైళ్ళు మోసుకుంటూ. ఆయన్ను ఊరంతా బడే వకీల్ సాబ్ అనేది. నన్ను ఊరు ఇంకా ఏమీ అనడం మొదలుపెట్టలేదు. పెళ్ళినాటికైనా మామగారి ముందు నా ప్రజ్ఞ ఒకటి వెలగబెట్టాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

అవకాశం బార్కస్ నుంచి వచ్చింది, బ్యాండ్ మాస్టర్ రూపంలో. ఆయన పాత సర్కారు ఫౌజు బ్యాండులో బాకా ఊదినవాడు. ఫౌజు పోయాక, తోటివాళ్ళను పోగుచేసి పెళ్ళిళ్ళకు వాయిస్తున్నాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, మీసం దానికి తగ్గట్టు. భుజాల మీద జలతారు కుచ్చులు, చేతిలో వెండిపొన్ను వేసిన కర్ర. పిల్లలంతా జనరల్ సాబ్ అనేవాళ్ళు, ఆయన ఆ పిలుపుకు సలాం కూడా కొట్టేవాడు. మా అరుగు మీద నిటారుగా కూర్చుని మా బాపుతో ఒక్కటే షరతు చెప్పాడు.

"పెండ్లికొడుకు, మా దుల్హే మియా, అమ్మాయి ఇంటి దర్వాజా దాకా మాతోనే ఉండాలె. పోయిన పెండ్లిల ఒకాయన నడిమిట్ల మోటర్ ఎక్కి పోయిండు. మేం గాడిదల లెక్క ఖాళీ సడక్ మీద వాయించుకుంట పోయినం. గా బేఇజ్జతి మళ్ల వద్దు."

"గట్లనే భాయ్, మాట ఇస్తున్న" అన్నాడు మా బాపు. అక్కడితో అయిపోవలసిందే. కానీ నేనున్నానుగా!

"మాట కాదు బాపూ, కాగితం రాసుకుందాం" అన్నాను, గొంతులో కచేరీ గాంభీర్యం తెచ్చుకుని. ఆ సాయంత్రమంతా కూర్చుని రాశాను. బ్యాండు మా గుమ్మం నుంచి పెళ్ళికూతురి గుమ్మం దాకా వాయించాలి. వరుడు గుర్రం సహితంగా ఊరేగింపుతోనే ఉండాలి. ఇంతవరకూ పిల్లవాడైనా రాయగలడు. ఆ తర్వాతే నా తెలివి కట్టలు తెంచుకుంది. వానగానీ, గాలిదుమారంగానీ, మనిషి చేతిలో లేని మరేదైనా గానీ అడ్డుపడితే, ఆ అడ్డం ఉన్నంతసేపూ ఉభయుల బాధ్యతలూ ముల్తవీ పడతాయనీ, అడ్డం తొలగగానే ఆగినచోటినుంచి మళ్ళీ మొదలవుతాయనీ రాసి, కింద రెండు గీతలు కొట్టాను. పుస్తకంలో చదివిన ఆ షరతును పెట్టడానికి అంతవరకు ఒక్క అవకాశమూ దొరక్క అల్లాడిపోతున్నాను మరి.

రాయడమొక్కటే అయితే బతికిపోదును. బ్యాండ్ మాస్టరుకు విడమరిచి చెప్పాను కూడా. "చూడు భాయ్, రద్దు వేరు, ముల్తవీ వేరు. రద్దయితే కత ఖతం. ముల్తవీ అంటే ఆగుతది గాని పోదు. నువ్వు బాకా ఊదుతుంటివి, తుమ్ము వచ్చింది. తుమ్మినంతసేపు పాట ఆగుతది. పాట పోతదా? పోదు. తుమ్ముడు కాంగనే ఆడికెల్లే మళ్ల ఊదాలె. గదీ ముల్తవీ."

ఆయన మొహం వెలిగిపోయింది. "అరె వాహ్! పరేడ్‌ల హాల్ట్ లెక్క! హాల్ట్ అంటే పరేడ్ ఖతం కాదు సాబ్. ఏడ నిలబడ్డమో ఆడికెల్లే ఆగే మార్చ్!"

"బిల్కుల్!" అన్నాను, నాకు దొరికిన మొట్టమొదటి శిష్యుణ్ణి చూసుకుని మురిసిపోతూ.

లోపలినుంచి మా అమ్మ బియ్యం ఏరుతూ అడిగింది. "మరి ఎప్పటిదాంక ఆగుతదిరా?"

"అడ్డం ఉన్నంతసేపమ్మా. చట్టంల గట్లనే ఉంటది" అన్నాను విసుగ్గా. మా అమ్మకు లా తెలియదు కదా!

పెళ్ళి జ్యేష్ఠంలో. పొద్దున మబ్బు లేదు, గాలి లేదు. నేను బాసికం కట్టుకుని, అద్దె గుర్రమెక్కి, జనరల్ సాబు దళం ముందు నడుస్తుండగా లాల్‌దర్వాజా దాటాను, శాలిబండ దాటాను. బ్యాండు ఎంత అద్భుతంగా వాయించిందంటే, దారిలో దర్జీలు కుట్టు ఆపి బయటికొచ్చారు, రొట్టెల భట్టీవాడు చేతిలో పిండిముద్దతోనే నాలుగడుగులు మాతో నడిచాడు. వాళ్ళంతా చూస్తున్నది నన్నే అనుకుని నేను మెడ నిలబెట్టాను. (బ్యాండు ఉన్నచోట వరుణ్ణి ఎవరూ చూడరని పెళ్ళయిన మగవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ ముందుగా చెప్పరు.)

దూద్‌బౌలి దగ్గరికి రాగానే ఆకాశం ఎవరో బోర్లించినట్టు వాన పడింది. జనరల్ సాబు కర్ర పైకెత్తి "హాల్ట్!" అన్నాడు. బాకాలు, డోళ్ళు, నేను, గుర్రం, మా బంధుబలగం మొత్తం ఒక చాయ్ హోటలు చూరుకింద ఇరుక్కున్నాం. వాన తగ్గుతుందని చూస్తే పెరిగింది. ముహూర్తం దగ్గరపడుతోంది. మా చిన్నాయన గుర్రం కాలు పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు, అది నా కాలనుకుని.

"దిగురా! రిక్షా దొరికింది. లగ్గం టైమైతున్నది!"

జనరల్ సాబు నావైపు చూశాడు. ఆ చూపులో ఖాళీ సడకు కనిపించింది, మోటారెక్కి పోయిన వరుడు కనిపించాడు. సరిగ్గా అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. గుర్రం మీదినుంచే చెయ్యెత్తి అరిచాను. "ముల్తవీ! భాయ్, ఉభయుల బాధ్యతలు ముల్తవీ! నీ వాయించుడు ఆగింది, నా ఊరేగుడు ఆగింది. బేఇజ్జతి లేదు, కాగితం ప్రకారమే పోతున్న!"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఠకాలున సలాం కొట్టాడు. "సహీ బాత్ సాబ్. మీరు ఖుషీగ పోండ్రి. మేం ఇడ్నే ఉంటం."

ఆ చివరి మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి పోలేదు. వెనకాల మావాళ్ళు దొరికిన బండ్లలో వస్తుండగా, రిక్షా మీద గోనెపట్టా కప్పుకుని పోతూ మా చిన్నాయనతో "చూసినవా కాకా, కాగితం ఉంటే గిట్లుంటది" అన్నాను. ఆయన తలపాగా పిండుకుంటూ ఏదో అన్నాడు. అది ఇక్కడ రాయదగినది కాదు.

పెళ్ళి ముహూర్తానికే జరిగింది. పందిరి మీద వేసిన రేకుల మీద వాన చేసిన చప్పుడే మాకు మేళం. జీలకర్రబెల్లం పెడుతున్నప్పుడు పురోహితుడి మంత్రాలు ఆయనకే వినిపించలేదు. అంతా బాగానే ఉంది గానీ, పెళ్ళికూతురి నాయనమ్మ, వాళ్ళింట్లో అందరూ అవ్వ అనేవారు, మూల పీట మీద కూర్చుని ఒకటే పాట పట్టుకుంది. "బాజా లేదు, బజంత్రీ లేదు. పెండ్లికొడుకు గోనెపట్ట కప్పుకోని దొంగ లెక్క రిక్షాల దిగిండు. నా మనుమరాలికి బరాత్ లేకపాయె. నేను దేనికోసం బతికున్న?" మామగారు నన్నొకసారి చూశారంతే. ఆ చూపుకన్నా అవ్వ తిట్లే నయమనిపించింది.

భోజనాల వేళకు వాన ఆగింది. ఎండ కాసింది. నేనూ, పక్కన పెళ్ళికూతురూ విస్తళ్ళ ముందు కూర్చున్నాం. ఎదుటి వరసలో మా సీనియరు గారు బూరె తుంచి నెయ్యి పోయించుకుంటున్నారు. అప్పుడు పందిరి గుమ్మంలో జలతారు కుచ్చులు మెరిశాయి. జనరల్ సాబు. మీసాల చివర్లనుంచి నీళ్ళు కారుతున్నాయి, మనిషి మాత్రం నిటారుగా ఉన్నాడు. బూట్ల మడమలు కొట్టి సలాం చేశాడు.

"వకీల్ సాబ్! వాన ఆగింది. బ్యాండు దూద్‌బౌలి హోటల్ కాడ తయార్ ఉన్నది. మీరొస్తే ఆగే మార్చ్!"

నా చేతిలోని బూరె పప్పుచారులో పడింది. మామగారు లేచి నిలబడ్డారు. "ఏంది ఆగే మార్చ్? పెండ్లయిపాయె!"

"పెండ్లి అయింది సాబ్. బరాత్ కాలే. ముల్తవీల ఉన్నది."

"సరే సరే, నువ్వు చేసినట్టే లెక్క. బువ్వ తిని పొండ్రి. మీకు ఇయ్యాల్సింది మొత్తం ఇస్తం."

జనరల్ సాబు మొహం ఎర్రబడింది. "పని కాకుండ తీసుకుంటే బిచ్చం అయితది. నా జవాన్లు పొద్దుగాలనించి తడుసుకుంట నిలబడ్డరు, ఒక్కడు గూడ ఇంటికి పోలే. ఎందుకు? వకీల్ సాబ్ జబాన్ ఇచ్చిండు, ఆగుతది గాని పోదు అని. తుమ్ము ఖతం అయింది సాబ్."

"తుమ్మేంది?" అన్నారు మామగారు, నావైపు తిరిగి. జీవితంలో మొదటిసారి ఆయన ముందు నా ప్రజ్ఞ ప్రదర్శించే అవకాశం వచ్చింది. నేను పప్పుచారులోంచి బూరె ఏరుకోవడం మొదలుపెట్టాను. పంక్తిలో ఉన్నవాళ్ళంతా తినడం ఆపి నన్ను చూస్తున్నారు. పోనీ గుమ్మం దగ్గరే కాసేపు వాయించమంటే జనరల్ సాబు ఒప్పుకోలేదు. హాల్ట్ ఎక్కడో మార్చ్ అక్కడినుంచే. ఇక దారిలేక నేను మా సీనియరు గారివైపు దీనంగా చూశాను. ఆయన బూరె పూర్తిచేసి, చెయ్యి విస్తట్లోనే పెట్టుకుని, తీర్పు చెప్పారు.

"ముల్తవీ రాసినవు, మంచిగనే రాసినవు. ఎప్పటిదాక ముల్తవీ అని రాసినవా? పొద్దుగూకేదాకనా, లగ్గం అయ్యేదాకనా? ఆలస్యమైతే వొద్దనుకునే హక్కు ఎవరికన్న ఇచ్చినవా?"

"లేదు సాబ్."

"ఇగ జెప్పేదేమున్నది? ఆపతందుకు తలుపు పెట్టినవు, బయటికి వచ్చేతందుకు తలుపు మరిచినవు. అడ్డం పోయింది, బాధ్యత లేచింది. గుర్రమెక్కు బిడ్డా." అని, వడ్డించేవాడితో "ఇంకో బూరె" అన్నారు.

మా అమ్మ ఆడవాళ్ళ వరసలోంచి నన్ను చూసింది. పాపం, పెదవులు గట్టిగా బిగించుకుంది. పక్కనున్న మా పిన్ని మాత్రం పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

పెళ్ళయిన వరుడు పెళ్ళికి ఊరేగివస్తే జనం ఏమనుకుంటారని ఒకరు, శాస్త్రం ఒప్పుతుందా అని ఇంకొకరు. పురోహితుడు తాంబూలం నములుతూ సాయంత్రం అరుంధతిని చూపించేదాకా పెళ్ళిపిల్లలిద్దరూ ఖాళీయేనన్నాడు. మామగారు మళ్ళీ "వద్దు, నవ్వులపాలైతం" అన్నారు. అప్పుడు నా పక్కనుంచి, నేను అంతవరకు విననే వినని గొంతు ఒకటి వినిపించింది.

"నేను గూడ పోత బాపూ."

పందిరంతా తిరిగి చూసింది. పెళ్ళికూతురు తల వంచుకునే ఉంది. కానీ భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. తల ఎత్తాక చూస్తే కళ్ళనిండా నీళ్ళే, అయితే అవి నవ్వీ నవ్వీ వచ్చినవి. "ఎవ్వల పెండ్లయినా బరాత్ వస్తుంటే అందరు ఉరుకుతరు. పెండ్లిపిల్లనొక్కదాన్నే ఇంట్ల కూసోబెడతరు. నా బరాత్ నేను సూడొద్దా?"

"సూడాలె! పో బిడ్డా!" అని అవ్వ పీట మీదినుంచి లేచింది. పొద్దుటినుంచి చచ్చిపోతానన్న మనిషి హారతి పళ్ళెం కోసం కోడళ్ళను పరిగెత్తించింది. అవ్వ లేచాక మామగారు కూర్చున్నారు.

తీరా దూద్‌బౌలి చేరితే గుర్రం లేదు. దాని యజమాని వేరే పెళ్ళికి తోలుకుపోయాడు. కాగితంలో మాత్రం గుర్రం సహితంగా అని ఉంది. నేను ఒక టాంగాను ఆపి, గుర్రం మీద కూర్చున్నా, గుర్రం వెనక కూర్చున్నా గుర్రం సహితమేనని వాదించాను. నా వకాలత్ జీవితంలో నేను గెలిచిన మొదటి వాదన అదే. జనరల్ సాబు మీసం దువ్వుకుని "ఫౌజ్‌ల ఫిరంగిబండి గుర్రం గూడ గుర్రమే లెక్క" అని మంజూరు చేశాడు. నేనూ, నా పెళ్ళామూ బాసికాలతో టాంగా ఎక్కాం. కర్ర లేచింది. పొద్దుటినుంచి ఆ బాకాల్లో నానిన పాటంతా ఒక్కసారి బయటికొచ్చింది.

అయితే ఆ టాంగా గుర్రానికి దాని పద్ధతులు దానికున్నాయి. రోజూ ఆ దారినే సవారీలను దించుతుందేమో, అలవాటైన ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఎవరైనా దిగుతారేమోనని వెనక్కి చూసేది. అది ఆగగానే జనరల్ సాబు "హాల్ట్!" అనేవాడు. పాట సగం మీద తెగేది. అది కదలగానే "ఆగే మార్చ్!" తెగినచోటినుంచే పాట మళ్ళీ. రెండు మూడు ఆగుళ్ళకు వీధికి ఆట అర్థమైపోయింది. గుర్రం ఆగితే జనమంతా "హాల్ట్!" అని అరవడం, కదిలితే ఎగరడం. ఒక గుమ్మంలోంచి ఒక ముసలాయన నిజంగానే టాంగా ఖాళీ అనుకుని ఎక్కబోయాడు. మా ఇద్దరినీ చూసి "ముబారక్ బేటా" అని దీవించి దిగిపోయాడు. మా చిన్నాయన తలపాగా విప్పి గాల్లో తిప్పుతూ, పొద్దున నన్ను తిట్టిన నోటితోనే ఈలలు వేశాడు.

ఆ రోజుల్లో కొత్త దంపతులకు ఒక మాట మాట్లాడుకునే వీలెక్కడిది! చుట్టూ ఎప్పుడూ పెద్దవాళ్ళే. మాకు మాత్రం ఆ బ్యాండు మోతే చాటయింది. ఆమె నా చెవి దగ్గరికి వంగి, అరిచింది. "మీరు వకీలు గదా! ఇంక ఏమేం ముల్తవీ చేసి పెట్టిండ్రు? ఇప్పుడే చెప్పుండ్రి, నేను తయారైత!"

"ఏం లేదు! ఇదొక్కటే!" అని నేనూ అరిచాను. సరిగ్గా అప్పుడే గుర్రం ఆగింది, బ్యాండు ఆగింది. నా అరుపు మాత్రం ఆగలేదు. వీధి వీధంతా విన్నది. ఆమె నవ్వు ఆపుకోలేక ముందుకు పడబోతే, టాంగావాడు వెనక్కి చెయ్యి చాపి "అమ్మా, పైలం!" అన్నాడు.

పొద్దు వాలుతుండగా కిషన్‌బాగ్‌లో మామగారి గుమ్మం చేరాం. అక్కడ అవ్వ సర్వసన్నాహాలూ చేసి పెట్టింది. మొగపెళ్ళివారికి ఎదురుకోలు, పానకం, హారతి. పెళ్ళికూతురు మొగపెళ్ళివారితో వచ్చింది కనుక ఆమెకూ తన ఇంటి ముందే పానకం ఇచ్చి, "మంచిగొచ్చిండ్రా? తొవ్వల తక్లీఫ్ కాలేదు గదా?" అని మర్యాదగా అడిగారు. అరుగు చివర మామగారు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. మొహం అటువైపు తిప్పుకున్నారు. కోపమనుకున్నాను. తీరా చూస్తే పై పంచెతో కళ్ళు ఒత్తుకుంటూ, పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మా చిన్నాయన నా డొక్కలో పొడిచి "సూడరా, నోట్ల పండ్లున్నయి!" అన్నాడు.

గడప దగ్గర ఆమె చెల్లెళ్ళు తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. పేరు చెబితేనే లోపలికి రానిస్తారట. నేను ఆమె పేరు గబగబా చెప్పేశాను. ఆమె వంతు వచ్చింది. ఆ కాలపు ఆడవాళ్ళు భర్త పేరు పలకడమంటే మాటలు కాదు. ఏ పద్యంలోనో ఇరికించి, సగం మింగి, సగం గొణిగి బయటపడేవాళ్ళు. ఆమె కూడా బ్యాండు మోతలో గొణిగేసి లోపలికి జారుకుందామనుకుంది కాబోలు. చెల్లెళ్ళు "వినబడలే, వినబడలే" అన్నారు. అంతే, మా వెనకాల జనరల్ సాబు కర్ర లేచింది. "హాల్ట్!"

వీధి మొత్తం నిశ్శబ్దమైపోయింది. బాకాలు దిగాయి. అవ్వ హారతి పళ్ళెం పట్టుకుని మెడ ముందుకు చాచింది. పసుపు పారాణితో, జారిన బాసికంతో, నవ్వి నవ్వి అలిసిపోయిన మొహంతో ఆమె ఒకసారి నన్ను చూసింది. తర్వాత మామగారితో సహా అందరూ వినేలా, ఒక్కొక్క అక్షరమూ విడిగా, నా పేరు చెప్పింది. అంతవరకు నా పేరు చాలా మామూలు పేరనుకునేవాణ్ణి.

ఆ తర్వాత వకాలత్ నిజంగానే నడిచింది. ముల్తవీ షరతులు లెక్కలేనన్ని రాశాను. ప్రతిదానికీ గడువు ఉంటుంది, ముందస్తు కబురు ఉంటుంది, ఆలస్యమైతే బయటపడే తలుపు ఉంటుంది. నా కాగితాల్లో వేలు పెట్టడానికి సందు దొరకదని పేరు కూడా వచ్చింది. ఆ పకడ్బందీ కాగితాల వల్ల ఎవరికీ నష్టం రాలేదు, ఎవరూ వీధిలో గంతులూ వేయలేదు. ఇప్పుడు ఎప్పుడైనా అద్దం ముందు తెల్లవెంట్రుకలు దువ్వుకుంటూ ఆ టాంగాలోని కుర్రవాణ్ణి తలుచుకుంటాను. చట్టం సరిగ్గా రానివాడు, పైగా వచ్చని నమ్మినవాడు. కానీ ఊరంతా నవ్వుతున్నది తనను చూసేనని తెలిశాక, సిగ్గుపడాలన్న సంగతే మరిచిపోయి తనూ పగలబడి నవ్వినవాడు. నాకిప్పుడు చట్టం బాగానే వచ్చు. ఆ నవ్వే, ఈ వయసులో, అంత తేలిగ్గా రావడం లేదు.